కారు షాక్ అబ్జార్బర్లు పోయాయా? తేల్చుకోవడం ఎలా, మార్చుకోవడం ఎలా

"గుంతల్లో కారు దబదబలాడుతోంది. నాలుగు షాక్‌లూ మార్చాలని మెకానిక్ అంటున్నాడు. నిజమేనా?" ఈ ప్రశ్న పదే పదే వస్తోంది. దాని వెంటే ఇంకో రెండు: "ఒక్కటే లీకవుతోంది, ఒక్కటే మారిస్తే సరిపోదా?", "ఇంట్లో మార్చుకోవచ్చా?"

జవాబులు ముందే చెప్పేస్తాను. శబ్దం వచ్చినంత మాత్రాన షాక్ పోయినట్టు కాదు. మార్చాల్సి వస్తే మాత్రం ముందు రెండూ లేదా వెనక రెండూ జతగా మార్చాలి. స్విఫ్ట్, బలెనో, ఐ20 లాంటి చిన్న కార్లలో వెనక షాక్‌లు, చేతిలో సరైన సామాను ఉంటే, ఇంటి ముందు మార్చుకోవచ్చు. ముందువి మాత్రం స్ప్రింగ్ కంప్రెసర్ (స్ప్రింగ్‌ను నొక్కి పట్టే సాధనం) వాడటం బాగా తెలిసిన మనిషి చేతే చేయించండి. ఎందుకో కింద చెప్తాను.

ఒక్క విషయం అర్థమైతే మిగతాదంతా తేలిక. కారు బరువు మోసేది స్ప్రింగ్. షాక్ అబ్జార్బర్ బరువు మోయదు. గుంతలో దిగిన స్ప్రింగ్ ఆ తర్వాత కూడా ఊగుతూ ఉండకుండా ఆపడమే దాని పని. లోపలి నూనె సన్నటి దారుల గుండా వెళ్తూ ఆ ఊపును వేడిగా మార్చేస్తుంది. అందుకే కారు ఒక పక్కకు కుంగిపోయి ఉంటే అది స్ప్రింగ్ గొడవ. కారు ఊగుతూ ఉంటే అది షాక్ గొడవ. షాక్ పోయిన చక్రం గతుకుల మీద రోడ్డును వదిలి వదిలి పడుతుంది. రోడ్డును తాకని టైరు బ్రేకు పట్టదు, స్టీరింగ్ మాట వినదు. వానలో సడన్ బ్రేకు వేసినప్పుడు, తిరుమల ఘాట్ దిగుతూ మలుపు తిప్పినప్పుడు ఈ తేడా ప్రాణాల మీదకు వస్తుంది. దీన్ని కేవలం కుదుపుల సమస్యగా చూడొద్దని నేను గట్టిగా చెప్పేది అందుకే.

ముందు తేల్చుకోండి: షాకేనా, ఇంకోటా?

డబ్బు ఖర్చు పెట్టే ముందు ఈ పరీక్షలు చేయండి. ఏ ఒక్కటీ ఒంటరిగా నమ్మదగింది కాదు. రెండు మూడు కలిసి ఒకే మాట చెప్తే అప్పుడు నమ్మండి.

1. టైర్లలో గాలి చూడండి. బండి చల్లగా ఉన్నప్పుడు, డ్రైవర్ డోర్ దగ్గర అంటించిన స్టిక్కర్ మీద ఉన్న లెక్క ప్రకారం. పెట్రోల్ బంకులో అడగకుండానే ఎక్కువ గాలి కొట్టిన బండి గతుకుల్లో అచ్చం షాక్‌లు పోయినట్టే కొడుతుంది. ఈ ఒక్క పనితో సమస్య తీరిపోయే కార్లు ఉన్నాయి. అందుకే ఇది మొదట.

2. నూనె చూడండి. స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకు తిప్పి, టార్చ్ వేసి ముందు షాక్ గొట్టాన్ని చూడండి. వెనకవి కింద నుంచి కనిపిస్తాయి. పైభాగంలో సన్నగా చెమ్మ, దాని మీద పొడి దుమ్ము ఉంటే కంగారు అక్కర్లేదు. సీలు దగ్గర ఆ మాత్రం చెమ్మ మామూలే. తడిగా మెరుస్తూ, దుమ్ము ముద్దగా అంటుకుని, గొట్టం సగం దాకా జారి ఉంటే మాత్రం లీకే. అనుమానంగా ఉంటే గుడ్డతో శుభ్రంగా తుడిచి, నాలుగైదు రోజులు నడిపి మళ్లీ చూడండి. యాక్సిల్ బూట్ (యాక్సిల్ కీలును కప్పే రబ్బరు తొడుగు) చిరిగితే ఎగిరిపడే గ్రీజు కూడా షాక్ మీద పడుతుంది. బ్రేక్ పైపు కారినా అక్కడే తడి కనిపిస్తుంది. బ్రేక్ ఆయిల్ ట్యాంకులో మట్టం తగ్గిందేమో చూడకుండా వదలొద్దు.

3. నొక్కి వదలండి. కారు ఒక మూలన, రేకు సొట్ట పడని గట్టి చోట, బరువంతా వేసి రెండు మూడుసార్లు ఊపి, కిందికి నొక్కినప్పుడు ఒక్కసారిగా వదిలేయండి. పైకి వచ్చి, కొంచెం దిగి, ఆగిపోవాలి. రెండు మూడుసార్లు ఊగితే షాక్ పోయినట్టే. నాలుగు మూలలా చేసి పోల్చండి. ఇక్కడ చాలామంది పొరబడతారు: ఈ పరీక్షలో ఫెయిలైతే షాక్ పోయి ఉండే అవకాశం బాగా ఎక్కువ, కానీ పాసైతే బాగున్నట్టు కాదు. సగం అరిగిన షాక్ చేతి నొక్కుడికి బాగానే ఆగుతుంది, 80 కి.మీ. వేగంలో ఆగదు.

4. టైరు తడమండి. బండి ఆపి ఉన్నప్పుడు అరచేతిని టైరు రోడ్డును తాకే భాగం మీద ముందుకూ వెనక్కూ నెమ్మదిగా జరపండి. చుట్టూరా అక్కడక్కడా ఎత్తుపల్లాలుగా, పలకలు పలకలుగా అరిగి ఉంటే చక్రం గెంతుతూ నడిచిందని అర్థం. లోపలి అంచో, బయటి అంచో మాత్రమే అరిగితే అది ఎక్కువగా ఎలైన్‌మెంట్ (చక్రాల కోణాలు) తప్పడం వల్లే. చేతికి తీగలు గుచ్చుకుంటే ముందు టైరు సంగతి చూడండి. తీగలు తేలిన టైరుతో బండి తిప్పకూడదు.

5. వేడి చూడండి. గతుకుల రోడ్డు మీద పదిహేను ఇరవై నిమిషాలు నడిపి ఆపగానే, ఒకే జతలోని రెండు షాక్‌ల గొట్టాలను వేలితో తాకి పోల్చండి. పనిచేసే షాక్ వెచ్చబడుతుంది. ఒకటి వెచ్చగా, రెండోది చల్లగా ఉంటే చల్లగా ఉన్నది పని మానేసింది. జాగ్రత్త, పక్కనే ఉండే బ్రేక్ డిస్క్, సైలెన్సర్ గొట్టం చెయ్యి కాల్చేస్తాయి.

6. శబ్దం ఎక్కడిదో వెతకండి. మన దగ్గర ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. చిన్న గతుకుల మీద, తక్కువ వేగంలో టక్ టక్‌మని వచ్చే శబ్దం చాలాసార్లు స్టెబిలైజర్ లింక్ రాడ్‌దే, అంటే మలుపుల్లో బండి మరీ వాలకుండా ఆపే కడ్డీని పట్టి ఉంచే చిన్న రాడ్‌ది. షాక్‌తో పోలిస్తే అది చాలా చవక. చక్రాలు నేల మీద ఉండగా లింక్ రాడ్ పట్టుకుని గట్టిగా కదపండి. ఆడితే, చప్పుడైతే అదే దొంగ. స్టీరింగ్ తిప్పుతుంటే టంగ్‌మనే శబ్దం, స్టీరింగ్ పట్టిపట్టి తిరగడం ఉంటే స్ట్రట్ (ముందు వైపు స్ప్రింగ్, షాక్ కలిసి ఉండే భాగం) పైన ఉండే మౌంట్ లేదా దాని బేరింగ్ పోయి ఉంటుంది. ఒకరు స్టీరింగ్ నెమ్మదిగా తిప్పుతుండగా మీరు స్ప్రింగ్ మీద బయటి వైపు మాత్రమే చెయ్యి పెట్టండి, చుట్ల మధ్య వేళ్లు పెట్టొద్దు. స్ప్రింగ్ ఆగి ఆగి ఒక్కసారిగా గెంతితే బేరింగ్ పోయినట్టే. బ్రేకు వేసినప్పుడు ముందు నుంచి ఒక్కసారి డబ్‌మంటే లోయర్ ఆర్మ్ బుష్‌లు (చక్రాన్ని కింది వైపు పట్టి ఉంచే ఆర్మ్ కీళ్లలోని రబ్బర్లు) చూడాలి. పెద్ద గుంతలో దబ్‌మని అడుగుకు తగిలినట్టు కొడితే షాక్ లేదా దాని లోపలి బంప్ స్టాప్ (షాక్ పూర్తిగా నొక్కుకుపోకుండా అడ్డుకునే రబ్బరు) మీద అనుమానపడొచ్చు.

7. ఎత్తు కొలవండి. సమతలంగా ఉన్న చోట చక్రం మధ్య నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా టేపుతో కొలిచి, ఎడమ కుడి పోల్చండి. సెంటీమీటరుకు మించి తేడా ఉంటే స్ప్రింగ్ విరిగిందేమో, కుంగిందేమో చూడాలి. కొత్త షాక్ వేసినా ఆ తేడా పోదు. ఈ కొలతలు రాసి పెట్టుకోండి, తర్వాత పనికొస్తాయి.

ఇవి కాక, బ్రేకు వేయగానే ముక్కు బాగా కిందికి వంగడం, హైవే మీద లారీ పక్క నుంచి వెళ్తే బండి పక్కకు తూలడం, స్పీడ్ బ్రేకర్ దాటాక వెనక భాగం ఇంకోసారి ఎగరడం కూడా లక్షణాలే. కానీ అరుగుదల నెమ్మదిగా జరుగుతుంది కాబట్టి రోజూ నడిపేవాళ్లకు అలవాటైపోతుంది. అదే మోడల్ కొత్త బండి ఎవరిదైనా ఒక్కసారి అదే రోడ్డు మీద నడిపి చూడండి, తేడా తెలిసిపోతుంది.

ఎన్ని కిలోమీటర్లకు మార్చాలి? 80 వేలు దాటాక తప్పకుండా చూపించుకోవాలని షాక్ తయారీదారులు చెప్తారు. మన ఊరి రోడ్ల మీద, లోడుతో తిరిగే బండికి 50 వేల నుంచే కన్నేసి ఉంచడం మంచిది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండి, 25 కి.మీ. వేగంతో దాటేలా ఉండాలి. మన వీధుల్లో రాత్రికి రాత్రి వెలిసే సిమెంటు గట్లకు ఈ కొలతలతో సంబంధం ఉండదు. అవి తినేది షాక్‌లనే. అలాగని కిలోమీటర్లు నిండాయి కాబట్టి మార్చేయడం కూడా తప్పే. పరీక్షలన్నీ బాగుంటే ఉంచుకోండి.

బండి వారంటీలో ఉంటే ఇక్కడే ఆగండి. తుడవకముందే లీకును ఫోటో తీసి సర్వీస్ సెంటర్‌కు వెళ్లండి. మీరు విప్పాక వాళ్లు ఒప్పుకోరు.

ఏం కొనాలి

ఛాసిస్ నంబర్ చెప్పి పార్ట్ నంబర్ తీయించండి. "స్విఫ్ట్ షాక్ ఇవ్వండి" అంటే చాలదు. పెట్రోల్, డీజిల్ బండ్లకు ముందు స్ట్రట్లు వేరు కావచ్చు. ఏడాదిని బట్టి మారతాయి. ముందువి ఎడమ, కుడి వేర్వేరు, ఎందుకంటే బ్రేక్ పైపు, ఏబీఎస్ వైరు పట్టే క్లిప్పులు ఒక్కో వైపు ఒక్కోలా ఉంటాయి. కంపెనీ జెన్యూన్ పార్ట్ వేసుకోవచ్చు. గాబ్రియేల్, మన్రో, కేవైబీ లాంటి పేరున్న షాక్ తయారీదారులవీ వేసుకోవచ్చు. ఏదైనా బిల్లుతో కొనండి. విజయవాడ ఆటోనగర్‌లోనైనా, గుంటూరు, గాజువాక ఆటోనగర్లలోనైనా సరే, పెట్టె మీద పార్ట్ నంబరూ, షాక్ మీద కొట్టిన నంబరూ కలుస్తున్నాయో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోండి.

షాక్‌తో పాటు రబ్బరు సామాను కూడా కొనండి: బంప్ స్టాప్, దుమ్ము పడకుండా ఉండే బూట్, ముందువాటికైతే స్ట్రట్ మౌంట్, బేరింగ్. పాత బూట్ చిరిగి ఉంటే కొత్త రాడ్ మీద మట్టి పడి, సీలు తొందరగా కోసుకుపోతుంది. స్ట్రట్ మళ్లీ విప్పాలంటే మళ్లీ అంతే కూలి. ఈ రబ్బర్ల దగ్గర పొదుపు చేయడంలో అర్థం లేదు.

రెండు వస్తువులకు దూరంగా ఉండండి. ఒకటి, రీకండిషన్ చేసిన షాక్‌లు. గొట్టం కోసి, నూనె మార్చి, మళ్లీ వెల్డింగ్ చేసి రంగు వేసి ఇస్తారు. లోపలి వాల్వులు అరిగినవి అరిగినట్టే ఉంటాయి. రెండు షాక్‌లూ ఒకేలా పనిచేస్తాయన్న భరోసా ఉండదు. రెండోది, స్ప్రింగ్ చుట్ల మధ్య ఇరికించే రబ్బరు బఫర్లు. బండి కాస్త ఎత్తు లేస్తుంది, గట్టిపడుతుంది, బాగైనట్టు అనిపిస్తుంది. కానీ గట్టిపడిన స్ప్రింగ్‌ను ఆపాల్సిన భారం అరిగిపోయిన ఆ షాక్ మీదే ఇంకా పెరుగుతుంది.

వెనక షాక్‌లకు కావాల్సిన సామాను

- ట్రాలీ జాక్ ఒకటి, యాక్సిల్ స్టాండ్లు (లేపిన బండిని మోసే ఇనుప కాళ్లు) రెండు. బండితో వచ్చే జాకీ స్టెప్నీ మార్చడానికి మాత్రమే. దాని మీద నిలబెట్టి బండి కింద చెయ్యి కూడా పెట్టొద్దు. ఇటుకలు, సిమెంటు దిమ్మెల మీద అసలే వద్దు, అవి చెప్పకుండా పగులుతాయి.
- ఇరుసును పట్టి ఉంచడానికి రెండో జాక్ (బాటిల్ జాక్ చాలు)
- చక్రాలకు అడ్డం పెట్టే చెక్క దిమ్మెలు
- సాకెట్ సెట్, రింగ్ స్పానర్లు, అలెన్ కీలు
- టార్క్ రెంచ్ (చెప్పినంత బలంతోనే బిగించేది). లేకపోతే ఎవరినైనా అడిగి తెచ్చుకోండి.
- వైర్ బ్రష్, డబ్ల్యూడీ-40 లాంటి తుప్పు వదిలించే స్ప్రే
- కళ్లకు రక్షణ అద్దాలు, గ్లౌజులు, టార్చ్, ఫోటోలకు ఫోన్

కాకినాడ, మచిలీపట్నం, విశాఖ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో బోల్టులు తుప్పుతో బిగుసుకుపోతాయి. పని ముందురోజు రాత్రే స్ప్రే కొట్టి వదిలేయండి, మళ్లీ పొద్దున ఇంకోసారి కొట్టండి. బలంగా లాగి బోల్టు విరగ్గొట్టుకుంటే అరపూట పని రెండు రోజులవుతుంది.

వెనక షాక్‌లు మార్చే పద్ధతి

ఈ పద్ధతి స్ప్రింగ్ ఒకచోట, షాక్ ఒకచోట విడివిడిగా ఉండే వెనక ఇరుసుకు. కొన్ని కార్లలో వెనక కూడా స్ప్రింగ్ షాక్ చుట్టూనే ఉంటుంది. మీది అలాంటిదైతే ఇది వర్తించదు, ముందు స్ట్రట్ల గురించి కింద చెప్పినదే దానికీ వర్తిస్తుంది.

1. గట్టి, సమతలమైన నేల మీద ఆపండి. మట్టి మీద, ఏటవాలు మీద వద్దు. ముందు చక్రాలకు ముందూ వెనకా దిమ్మెలు పెట్టండి. గేర్‌లో వేయండి, ఆటోమేటిక్ అయితే పార్క్‌లో. మన చిన్న కార్లలో హ్యాండ్‌బ్రేక్ పనిచేసేది వెనక చక్రాల మీదే. వెనక లేపాక దాని వల్ల లాభం లేదు. దిమ్మెలే దిక్కు.

2. చక్రం నేల మీద ఉండగానే వీల్ నట్లు అర చుట్టు వదులు చేయండి. తర్వాత వెనక భాగం లేపి, కారు మాన్యువల్ చూపించిన చోటనే రెండు వైపులా స్టాండ్లు పెట్టి, బండి బరువు వాటి మీదకు దించండి. చేత్తో ఊపి చూడండి, కదలకూడదు. విప్పిన చక్రాన్ని పక్కన పెట్టకుండా బండి అంచు కిందికి తోయండి. స్టాండ్ జారినా అది ఆపుతుంది.

3. రెండో జాక్‌ను మీరు విప్పబోయే వైపు ఇరుసు కింద పెట్టి, ఇరుసు కొంచెం పైకి లేచేదాకా లేపండి. ఇది తప్పించొద్దు. ఇరుసు కిందికి మరీ వేలాడకుండా ఆపేది షాకే. అది విప్పగానే ఇరుసు కిందికి పడి, స్ప్రింగ్ జారి బయటికి రావచ్చు, బ్రేక్ పైపు తెగేలా సాగవచ్చు. ఇదే కారణంతో ఒకసారికి ఒక వైపే విప్పండి.

4. పైనా కిందా బోల్టుల మరలు వైర్ బ్రష్‌తో తోమి స్ప్రే కొట్టండి. పై బిగింపు కొన్ని కార్లలో వీల్ ఆర్చ్ లోపల, కొన్నింటిలో డిక్కీ పక్క ట్రిమ్ వెనక ఉంటుంది. ట్రిమ్ క్లిప్పులు ఎండకు పెళుసెక్కి ఉంటాయి, నెమ్మదిగా తీయండి.

5. విప్పే ముందు ఫోటో తీయండి. ఏ వాషర్ పైన, ఏ రబ్బరు కింద, వాషర్ వంపు ఎటు తిరిగి ఉందో అందులో ఉండాలి. తర్వాత పైది, కిందది విప్పి షాక్ బయటికి తీయండి. పైన నట్ తిప్పితే రాడ్ కూడా తిరుగుతుంటే, రాడ్ కొసను అలెన్ కీతోనో, చిన్న స్పానర్‌తోనో పట్టి ఉంచి నట్ తిప్పండి.

6. పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి పోల్చండి. గొట్టం పొడవు, కింది కన్ను (బోల్టు దూరే రింగు) లోపలి వ్యాసం, పై బిగింపు తీరు ఒకేలా ఉండాలి. గ్యాస్ షాక్ (నూనెతో పాటు ఒత్తిడితో గ్యాస్ నింపినది) అయితే కట్టు విప్పగానే సాగుతుంది, కాబట్టి రెండూ పూర్తిగా సాగిన స్థితిలో పోల్చండి. తేడా ఉంటే బిగించొద్దు, షాపుకు వెనక్కి ఇవ్వండి. ఒకసారి బిగించాక తీసుకోరు.

7. కొత్త షాక్‌ను నిలువుగా పట్టుకుని, పూర్తిగా నొక్కి, పూర్తిగా లాగి, ఇలా నాలుగైదుసార్లు చేయండి. పెట్టెలో పడుకోబెట్టి ఉంచడం వల్ల లోపల గాలి బుడగలు చేరి ఉంటాయి. మొదట కాస్త జారినట్టు అనిపించి, తర్వాత బరువు అంతా ఒకేలా పట్టాలి. ఎన్నిసార్లు నొక్కినా మధ్యలో ఒకచోట ఖాళీగా జారితే అది లోపమున్న ముక్క. అలా చేశాక మళ్లీ పడుకోబెట్టొద్దు.

8. బంప్ స్టాప్, బూట్ తొడిగి, పైభాగం ముందు చేత్తో బిగించండి. కింది కన్ను రంధ్రానికి అందకపోతే ఇరుసు కింద జాక్‌ను కొంచెం పైకో కిందికో చేసి కలపండి. సుత్తితో కొట్టి బోల్టు దూర్చొద్దు, మరలు పాడవుతాయి. బోల్టు చేత్తో కనీసం నాలుగైదు చుట్లు వెళ్లాలి.

9. కింది బోల్టును ఇప్పుడే పూర్తిగా బిగించొద్దు. జాక్‌తో ఇరుసును లేపుతూ, చక్రం మధ్య భాగం ఉండే చోటు నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా దూరం మీరు ముందు రాసుకున్న కొలతకు వచ్చాక ఆపండి. బండి స్టాండ్ మీద నుంచి లేస్తున్నట్టు అనిపిస్తే అక్కడితో ఆపేసి, చక్రం తొడిగి, కిందికి దించాక బిగించండి. కంటి లోపలి రబ్బరు బుష్ బిగించిన స్థితినే తన సహజ స్థితిగా పట్టుకుంటుంది. ఇరుసు వేలాడుతుండగా బిగిస్తే, బండి దించిన క్షణం నుంచి ఆ రబ్బరు మెలితిరిగి ఉంటుంది. కొన్ని నెలల్లో చిరుగుతుంది, కిర్రుకిర్రుమని శబ్దం మొదలవుతుంది. కొత్త షాక్ వేసినా శబ్దం పోలేదని వాపోయే వాళ్లలో ఈ బాపతు చాలామంది ఉంటారు. ఎంత బలంతో బిగించాలో సర్వీస్ మాన్యువల్ అంకె ప్రకారం టార్క్ రెంచ్‌తో బిగించండి.

10. చక్రం తొడిగి నట్లను ఒకదానికి ఎదురుగా ఉన్నది చొప్పున చేత్తో ఎక్కించండి. బండి దించాక పూర్తిగా బిగించండి. చిన్న కార్లలో వీల్ నట్ల బిగింపు సాధారణంగా 85 నుంచి 110 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. మీ బండిది మాన్యువల్‌లో చూడండి. తర్వాత రెండో వైపు ఇలాగే.

ఈ రకం వెనక ఇరుసులో ఎలైన్‌మెంట్ సర్దేందుకు ఏమీ ఉండదు కాబట్టి వెనక షాక్‌లు మార్చినందుకు అది అవసరం లేదు.

ముందు స్ట్రట్లు: చేయించండి, కానీ దగ్గరుండి చూడండి

ముందు భాగంలో స్ప్రింగ్, షాక్ కలిసి ఒకటే స్ట్రట్‌గా ఉంటాయి. పైన మధ్యలో ఉన్న పెద్ద నట్ ఒక్కటే ఆ స్ప్రింగ్‌ను నొక్కి పట్టి ఉంచుతుంది. స్ప్రింగ్‌ను కంప్రెసర్‌తో బిగించకుండా ఆ నట్ విప్పితే అది తుపాకీ గుండులా ఎగిరి తగులుతుంది. మనుషులు చనిపోయేంత బలం అది. తాళ్లు, జీఐ తీగలతో స్ప్రింగ్ కట్టేసి విప్పే షెడ్డు ఏదైనా ఉంటే అక్కడి నుంచి బండి తీసుకుని వచ్చేయండి.

మెకానిక్ దగ్గర నిలబడి ఇవి గమనించండి, అవసరమైతే మర్యాదగా అడగండి:

- బ్రేక్ పైపు, ఏబీఎస్ వైరు క్లిప్పులు ముందే విడదీశారా? స్ట్రట్ తీశాక హబ్‌ను (చక్రం బిగించే భాగాన్ని) తీగతో కట్టి పట్టి ఉంచారా? బ్రేక్ పైపు మీద వేలాడదీయకూడదు. హబ్ మరీ బయటికి వాలితే యాక్సిల్ లోపలి జాయింట్ ఊడొచ్చు.
- స్ట్రట్ కింద ఉన్న రెండు పెద్ద బోల్టుల దగ్గర విప్పే ముందు మార్కు గీశారా? తిరిగి అదే స్థానంలో బిగించడానికి అది కావాలి.
- రాడ్‌ను ప్లయర్‌తో పట్టుకుంటున్నారా? వెంటనే ఆపమనండి. అద్దంలా ఉండే ఆ రాడ్ మీద చిన్న గీత పడ్డా అది సీలును కోస్తూనే ఉంటుంది. కొత్త షాక్ నెలల్లోనే లీకవడానికి నేను మొదట అనుమానించేది దీన్నే. ఎయిర్ గన్‌తో పై నట్ బిగించడం కూడా మంచిది కాదు, రాడ్ గిర్రున తిరుగుతుంది. రాడ్‌ను అలెన్ కీతో పట్టి, స్పానర్‌తో బిగించాలి.
- స్ప్రింగ్ కొస కింది పళ్లెంలో ఉన్న మెట్టుకు సరిగ్గా ఆనిందా? ఆనకపోతే స్టీరింగ్ తిప్పినప్పుడల్లా టంగ్‌మంటుంది.
- కొత్త మౌంట్, బేరింగ్, బూట్ నిజంగా వేశారా? పాతవి చూపించమని అడగండి.

ముందువి మార్చాక వీల్ ఎలైన్‌మెంట్ తప్పనిసరి. అదే రోజు చేయించండి. రేపు మాపు అంటూ తిరిగితే టైర్లు అంచుల్లో తినేస్తాయి.

తరచూ జరిగే తప్పులు

కొన్ని పైన వచ్చేశాయి. మిగిలినవాటిలో ముఖ్యమైంది ఒక్కటే మార్చడం. ఒక వైపు కొత్తది గట్టిగా, రెండో వైపు పాతది మెత్తగా ఉంటే సడన్ బ్రేకులో, గతుకుల మలుపులో బండి ఒక పక్కకు లాగుతుంది. ఒకటి లీకై, రెండోది "బాగానే" ఉన్నా, రెండూ ఒకే రోడ్డు మీద అన్నే కిలోమీటర్లు తిరిగాయి. డబ్బు సరిపోకపోతే ముందు రెండు ఇప్పుడు, వెనక రెండు తర్వాత అనుకోండి. అంతేగానీ ఎడమ ఒకటి ఇప్పుడు, కుడి ఒకటి తర్వాత అనుకోవద్దు.

ఇంకోటి, తర్వాత చేయించిన సీఎన్‌జీ కిట్ ఉన్న బండ్లు. డిక్కీలో సిలిండర్ బరువు ఎప్పుడూ ఉంటుంది, వెనక కుంగుతుంది. షాక్‌లు మార్చినా కుంగుడు అలాగే ఉందని అడుగుతుంటారు. అక్కడ చూడాల్సింది స్ప్రింగ్‌లను.

మార్చడానికి కొన్ని రోజులు పట్టేట్టుంటే: వేగం తగ్గించండి, ముందు బండికి మామూలు కంటే ఎక్కువ దూరం ఉంచండి, నిండా జనం, సామానుతో ప్రయాణం పెట్టుకోవద్దు. ఘాట్ రోడ్డు ప్రయాణం వాయిదా వేయండి. ఇందులో మొహమాటం వద్దు, పెళ్లికైనా సరే బస్సులో వెళ్లండి.

పని సరిగ్గా అయిందో లేదో చూసుకోండి

బండి దించగానే నాలుగు మూలలా మళ్లీ నొక్కి వదలండి. ఎడమ కుడి ఒకేలా ఆగాలి. చక్రం నుంచి మడ్‌గార్డ్ దాకా దూరం మళ్లీ కొలవండి. గ్యాస్ షాక్ కొత్తది వేస్తే కొన్ని మిల్లీమీటర్లు లేవడం మామూలే, రెండు వైపులా ఒకేలా లేచిందా అన్నది ముఖ్యం.

తర్వాత మీకు బాగా తెలిసిన రోడ్డు మీద, మొదట 20, 30 కి.మీ. వేగంతో నడపండి. స్పీడ్ బ్రేకర్ దాటాక బండి ఒక్కసారి కుదురుకుని ఆగాలి. ఖాళీ రోడ్డు మీద, వెనక ఎవరూ లేరని చూసుకుని, 40 దగ్గర గట్టిగా బ్రేకు వేయండి. ముక్కు వంగడం తగ్గాలి, బండి నిటారుగా ఆగాలి. స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పి శబ్దం వినండి. ఏబీఎస్ లైటు వెలిగి ఆరకపోతే వైరు క్లిప్పు ఎక్కడో ఊడిందనో, నలిగిందనో అర్థం, వెనక్కి వెళ్లి చూడండి.

మొదటి వారం బండి కొంచెం గట్టిగా అనిపిస్తుంది. అది లోపం కాదు, మెత్తగా ఊగడానికి మీరు అలవాటు పడ్డారంతే. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక బోల్టులు, వీల్ నట్లు ఒకసారి మళ్లీ టార్క్ రెంచ్‌తో చూసి, షాక్ గొట్టం పొడిగా ఉందో లేదో టార్చ్ వేసి చూడండి. తడి కనిపిస్తే బిల్లు పట్టుకుని షాపుకు వెళ్లండి.

శబ్దం అలాగే ఉందా? కొత్త షాక్‌ను తిట్టే ముందు పై పరీక్షల్లో ఆరోదానికి వెళ్లండి. లింక్ రాడ్, మౌంట్, ఆర్మ్ బుష్ వరసగా చూడండి. అయినా దొరకకపోతే వీల్ నట్లు, డిక్కీలో జాకీ, స్టెప్నీ బిగింపు చూడండి. వదులైన జాకీ అచ్చం వెనక షాక్ పోయినట్టే కొడుతుంది.

పాత షాక్‌లను ఇంట్లో కోయడం, వేడి చేయడం, మంటలో వేయడం చేయొద్దు. గ్యాస్ రకం వాటిలో ఒత్తిడి ఇంకా ఉంటుంది, పేలతాయి. కారిన నూనెను మోరీలో పోయొద్దు. కొన్న షాపు వాళ్లకో, పాత ఇనుము కొనేవాళ్లకో ఇచ్చేటప్పుడు అవి గ్యాస్ షాక్‌లని నోటితో చెప్పి ఇవ్వండి, కోసేది వాళ్లే కాబట్టి.